పాత సినిమా బొమ్మ మీద ఆ ఇసుక ఉండవలసిందే

పాత సినిమాలను శుభ్రం చేసి డిస్కుల మీద తెచ్చేటప్పుడు బొమ్మ నిండా ఇసుకలా కదలాడే సన్నని చుక్కలను కూడా తుడిచేయవచ్చు కదా అని మీరు అడిగారు. తుడిచేస్తే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

మా నాన్నగారు ఇరవై ఏళ్లకు పైగా ఒక చిన్న ఊరి సినిమా హాల్లో ఆపరేటరుగా పనిచేశారు. ఆయన ఎన్నో ఆటలు ఆడించిన ఒక నలుపు తెలుపు పౌరాణికం సరికొత్త మెరుగులతో వచ్చిందని తెలిసి, ముచ్చటపడి ఆ డిస్కు కొని తెచ్చాను. గీతలు లేవు, దుమ్ము లేదు, బొమ్మ ఊగడం లేదు. నాన్నగారు మాత్రం కుర్చీని టీవీ దగ్గరికి జరుపుకొని, నాయిక ముఖం దగ్గరగా వచ్చినప్పుడు ఆపమన్నారు. కనుబొమల వెంట్రుకలు అతుక్కుపోయి ఒకే నల్లని చారగా ఉన్నాయి. చీర అంచున జరీ పోగులు మాయమై తెల్లని పట్టీ మిగిలింది. "మొహానికి మైనం పూసి కూర్చోబెట్టార్రా ఈవిడని" అన్నారు. తెర మీద ఆ ఇసుక స్పష్టంగా కనిపించేదాకా లెన్సు తిప్పితేనే ఫోకసు కుదిరినట్టు లెక్క అని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

ఆ చుక్కలు ఫిలిమ్ మీది వెండి రేణువులు; నలుపు తెలుపు ఫిలిమ్ మీద బొమ్మ అంటే అవే. వాటి వెనుక వేరే బొమ్మ దాగి లేదు. కంప్యూటరు ఫ్రేము ఫ్రేముకూ మారిపోయే ప్రతిదాన్నీ మచ్చగా భావించి, పక్క ఫ్రేములతో సగటు కట్టి చదును చేస్తుంది కనుక, ఆ సగటులో చర్మం గరుకుదనమూ జరీ కూడా కొట్టుకుపోతాయి. పైగా క్షణక్షణం మారే ఈ రేణువులను కుదించడం కష్టం కనుక, డేటా ఆదా చేసుకోవాలనుకొనే వారికి ఇవి కంటగింపు. 

అరిగిపోయిన ప్రింటు నుంచి ప్రింటు తీస్తూ పోతే చుక్కలు ముతకబడతాయన్నది నిజమే. అందుకు మందు నెగటివ్‌ను, అంటే కెమెరాలో తిరిగిన అసలు ఫిలిమ్‌ను, లేదా దానికి వీలైనంత దగ్గరి ప్రతిని వెతకడం. 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలి దెబ్బతిన్న సత్యజిత్ రాయ్ బెంగాలీ సినిమా 'పథేర్ పాంచాలి' నెగటివ్‌ను ఇటలీలోని బొలోన్యాలో ఓపికగా బాగుచేసి, పనికిరాని భాగాలను ఇతర ప్రతుల నుంచి తీసుకొని 2015లో విడుదల చేశారు; అందులో రేణువులు హాయిగా కదులుతూనే ఉంటాయి.

డిస్కును తిట్టే ముందు మీ టీవీ సెట్టింగులలో నాయిస్ రిడక్షన్ (ఇలాంటి చుక్కలను టీవీయే తుడిచేసే ఏర్పాటు) ఆపి చూడండి. నేను చూసిన మైనపు ముఖాలలో సగం దాని పుణ్యమే. మా డిస్కుకు మాత్రం అదీ పనిచేయలేదు.