భారం దించాక మిగిలే పని

తిరుపతి,
కార్తీక మాసం.

చిరంజీవి పాపకు పెద్దమ్మ ఆశీస్సులతో రాసేది.

నువ్వు పంపిన మెసేజ్ మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఉద్యోగం మానేసి మీ నాయన మామిడి తోట చూసుకోవాలని ఉంది, కానీ ఆ మాట తలుచుకుంటేనే కడుపులో దేవినట్టు అవుతోంది అన్నావు. చివర్లో, "స్వామి మీదే భారం వేశాను పెద్దమ్మా, అయినా భయం పోలేదు" అని రాశావు. ఫోన్లో చెబితే సగం మాటలు జారిపోతాయని కూర్చుని రాస్తున్నాను. తోట చెయ్యమని గానీ, వద్దని గానీ నేను చెప్పను. భారం ఎలా వెయ్యాలో చెబుతాను. ఎందుకంటే నువ్వు ఇంకా వెయ్యలేదు.

నువ్వు చేసింది మొక్కు. మొక్కు తప్పని తిరుపతిలో పుట్టిన నేనెలా అంటాను? తలనీలాలు, నిలువుదోపిడి, పొర్లుదండాలు, అన్నీ మన ఇంట్లో ఉన్నవే. అయితే మొక్కులో ఒక షరతు ఉంటుంది. ఇది జరిగితే అది ఇస్తాను అంటాం. ఆ షరతు ఉన్నంతకాలం మనసు లెక్క చూసుకుంటూనే ఉంటుంది, జరుగుతుందా, జరగదా, ఎప్పుడు జరుగుతుంది అని. శరణాగతిలో ఆ లెక్క ఉండదు. కాయ నిలిచినా నీ ఇష్టం, రాలినా నీ ఇష్టం, నా చెయ్యి మాత్రం వదలకు అని అడగడం అది. నోటితో అనడం సులభమే. మనసు ఒప్పుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది, తొందరపడకు.

ఈసారి దర్శనానికి వెళ్ళినప్పుడు స్వామి చేతులు చూడు. తోపులాటలో దొరికే ఆ కాస్త సమయంలో అందరి చూపూ ముఖం మీదే ఉంటుంది. కుడిచెయ్యి పాదాల వైపు చూపిస్తుంది, ఎడమచెయ్యి నడుము దగ్గర ఉంటుంది. ఈ పాదాలు పట్టుకున్నవాడికి సంసార సముద్రం నడుము లోతే అని పెద్దలు చెబుతారు. సముద్రం ఎండిపోతుందని వాళ్ళు అనలేదు చూశావా. నీళ్ళు ఉంటాయి, అలలు ఉంటాయి, నడవాల్సింది నువ్వే.

నా ఉద్యోగమంతా ఆపరేషన్ పేషెంట్ల వార్డులోనే గడిచిందని నీకు తెలుసు. ఆపరేషన్‌కి ముందు రాత్రి మనుషులు ఎలా ఉంటారో దగ్గరగా చూశాను. దిండు కింద పసుపు గుడ్డలో ముడుపు కట్టి పెట్టుకున్నవాళ్ళు చాలామంది. కొందరు "నా రాత ఇంతే సిస్టర్" అని గోడ వైపు తిరిగి పడుకునేవాళ్ళు. మరుసటి రోజు లేపి కూర్చోబెడదామంటే లేవరు, ఊపిరి పీల్చే కసరత్తు చెయ్యరు. ఇంకొందరు "ఆయన చూసుకుంటాడు, నన్నేం చెయ్యమంటారు?" అని అడిగేవాళ్ళు. ఊపిరితిత్తుల కసరత్తుకి మూడు బంతుల స్పైరోమీటర్ చేతికిస్తే గంటగంటకీ గాలి లోపలికి పీల్చి బంతులు లేపేవాళ్ళు, నొప్పి ఉన్నా లేచి నాలుగు అడుగులు వేసేవాళ్ళు. బయటి నుంచి చూస్తే ఇద్దరూ దేవుడి మీదే వదిలేసినట్టు ఉంటుంది. మొదటివాళ్ళు వదిలింది తమని తాము. రెండోవాళ్ళు వదిలింది ఫలితాన్ని. అది వదిలేసరికి వాళ్ళకి ఎంత బలం మిగిలేదో నేను కళ్ళారా చూశాను. ఆ రాత్రి నిద్రపోయేది కూడా వాళ్ళే.

నమ్మకం ఉంటే జాగ్రత్త ఎందుకు అని మీ అన్న ఎగతాళి చేశాడన్నావు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నపిల్లను చిరుతపులి చంపేసింది. ఊరంతా ఏడ్చిన రోజు అది. ఆ తర్వాత టీటీడీ నడిచేవాళ్ళ చేతికి కర్రలిచ్చింది, గుంపులుగా వెళ్ళమంది, మధ్యాహ్నం రెండు దాటాక పిల్లల్ని ఆ దారిలో పంపలేదు. జనం కొండ ఎక్కడం మానలేదు. నోట గోవింద నామం, చేతిలో కర్ర. 3,550 మెట్లూ అలాగే ఎక్కారు. కర్ర పట్టుకున్నందుకు భక్తి తగ్గిందని ఎవరూ అనలేదు. మీ అన్నకి ఈ మాట చెప్పు.

రామానుజాచార్యులు ఈ కొండ పాదం దగ్గరే తన మేనమామ తిరుమలనంబి దగ్గర ఏడాది పాటు రామాయణ రహస్యాలు విన్నారని మన ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో నాకు బాగా ఇష్టమైనది విభీషణుడి ఘట్టం. అన్నను, లంకను, సుఖాన్ని వదిలి వచ్చి ఆకాశంలో నిలబడ్డాడు. కింద వానరులంతా అతణ్ణి అనుమానంగా చూస్తున్నారు. సుగ్రీవుడు ఒప్పుకోలేదు, తలా ఒక మాట అన్నారు. వెనక్కి పోవడానికి చోటు లేదు, ముందు ఏమవుతుందో తెలియదు. అలా నిలబడటం కంటే పెద్ద ధైర్యం ఏముంది చెప్పు? శరణు దొరికాక అతను ఊరికే కూర్చోలేదు కూడా. లంక గుట్టంతా చెప్పాడు, యుద్ధంలో పక్కనే నిలబడ్డాడు.

శరణాగతికి ఆరు అంగాలు చెబుతారు. అన్నీ నీకిప్పుడు అక్కర్లేదు, రెండు చాలు. ఒకటి మహావిశ్వాసం, తప్పక కాపాడతాడన్న నమ్మకం. అది ఒక్కరోజులో రాదు, రాలేదని బాధపడకు. రెండోది కార్పణ్యం, నా వల్ల కాదని ఒప్పుకోవడం. ఈ రెండోదాని దగ్గరే నీలాంటి చదువుకున్న పిల్లలు ఆగిపోతారు. అన్నీ తెలిసినట్టు కనిపించాలని టెన్షన్ పడతారు. నీకు మామిడి గురించి తెలియదు పాపా. ఆ మాట దేవుడి ముందు అను, తర్వాత పక్క తోట రైతు ముందు కూడా అను. "మామా, నాకు ఏమీ తెలియదు, మందు ఎప్పుడు కొట్టాలో చెప్పు" అని అడిగిన రోజున నీ భయం సగం తగ్గుతుంది.

ఊళ్ళోవాళ్ళు ఏమంటారో అన్నావు కదా, దానికి తరిగొండ వెంగమాంబ గుర్తొచ్చింది. మన పాత చిత్తూరు జిల్లా బిడ్డే. చిన్నతనంలోనే భర్త పోతే గుండు చేయించుకోమని పెద్దలు పట్టుబట్టారు. ఆమె ఒప్పుకోలేదు. నా భర్త ఆ వేంకటేశ్వరుడే అంది. ఊరు వేధించింది. తిరుమల చేరింది, అక్కడ కూడా ఇబ్బందులు తప్పలేదు, తుంబురు కోనలో ఒంటరిగా చాలాకాలం తపస్సు చేసింది. కవిత్వం మానలేదు. ఈ రోజుకీ స్వామి ఏకాంత సేవలో ఆమె పేరుతో ముత్యాల హారతి ఇస్తారు, కొండ మీద రోజూ వేలమంది భోంచేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. ఆడదానికి నోరే లేని కాలంలో ఆ మొండితనం ఎక్కడిదని నేను చాలాసార్లు ఆలోచించాను. ఒక్కరి ముందు పూర్తిగా తల వంచింది కాబట్టి మిగతా ఎవరి ముందూ వంచాల్సిన అవసరం ఆమెకు రాలేదు. నువ్విప్పుడు ఎంతమందికి తల వంచుతున్నావో చూసుకో. మేనేజర్, మీ అన్న, పెళ్ళి సంబంధాలు చూసేవాళ్ళు, ఊరు, చివరికి పోయిన మీ నాయన కూడా.

మీ నాయన మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఆయన మెచ్చుకుంటాడని తోట చెయ్యకు తల్లీ. ఆయన ఆ చెట్లు నాటింది మీరిద్దరూ చదువుకోవాలని. నువ్వు చదువుకున్నావు. ఆ బాకీ తీరిపోయింది. ఇప్పుడు తోటలోకి అడుగు పెడితే నీ ఇష్టంతో పెట్టు, అమ్మేస్తే కూడా తప్పు చేసినట్టు తలొంచుకోకు.

ఇక లోపలి మాట ఎలా వినాలని అడిగావు. ముందు అందరినీ అడగడం ఆపు. ఇద్దరిని అడుగు చాలు. తోతాపురి మామిడి వేసి నష్టపోయినవాళ్ళు ఒకరు, నీ నిర్ణయంతో లాభం గానీ నష్టం గానీ లేనివాళ్ళు ఇంకొకరు. ఆ తర్వాత ఎవరినీ అడగకు. సంక్రాంతి దాకా గడువు పెట్టుకో. రాత్రిపూట ఏదీ తేల్చుకోకు. వార్డులో పేషెంట్ల తాలూకువాళ్ళు అర్ధరాత్రి ఏడుస్తూ ఒకటి అనుకుని, తెల్లారి కాఫీ తాగాక ఇంకొకటి అనేవాళ్ళు. తెల్లారి అనుకున్నదే ఎక్కువసార్లు నిలిచేది.

పొద్దున్నే ఫోన్ ముట్టకముందు కాసేపు కూర్చో. భయం ఏం చెబుతుందో చెప్పనీ. ఎదురు చెప్పకు, సర్దిచెప్పకు, దేవుడి ఫోటో చూపించి నోరు మూయించకు. 1895లో మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా భయం నుంచి పారిపోకుండా దాన్ని చూడమనే చెప్పాడు. ఆయన గురువులనే వద్దన్నాడు, నా శరణాగతి మాటలు ఆయన ఒప్పుకునేవాడు కాదేమో. అయినా ఆ చూడటం ఆయన దగ్గర నేర్చుకోవాల్సిందే. నేను గమనించింది ఒకటుంది. భయం రోజుకో మాట చెబుతుంది. ఇవాళ బోరు ఎండిపోతుందంటుంది, రేపు జీతం పోతుందంటుంది, ఎల్లుండి పెళ్ళి కాదంటుంది. లోపలి మాట పొట్టిగా ఉంటుంది, రోజూ ఒకటే ఉంటుంది, నిన్ను తొందరపెట్టదు. వరసగా కొన్ని వారాలు అదే మాట వినిపిస్తే నమ్ము. అది "వద్దు" అయినా సరే నమ్ము.

తోట వైపే మొగ్గితే, నీ చేతిలో ఉన్నవి ఏవో విడిగా చూసుకో. డిసెంబరు, జనవరుల్లో పూత వస్తుంది. తేనెమంచు పురుగు కనిపించగానే సమయానికి మందు కొట్టించడం నీ పని. మంచు ఎంత కురుస్తుందో, పూత ఎంత నిలుస్తుందో నీ పని కాదు. 2025లో తోతాపురి ధర ఏమైందో చూశావు కదా. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్నారు. అయినా జూన్, జూలై నెలల్లో ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. వచ్చే ఏడు ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకని ఏడాది ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు బ్యాంకులో ఉంచి, దాని జోలికి పోకు. వెంటనే రాజీనామా ఇవ్వకుండా జీతం లేని సెలవు ఇస్తారేమో అడుగు. మొదటి ఏడు సగం తోట గుత్తకిచ్చి సగం నువ్వు చూసుకో. ఇదంతా చేశాక మిగిలిన దాని గురించి రోజుకు ఒక్కసారి, దీపం పెట్టేటప్పుడు, ఇది నీది స్వామీ అని అప్పగించు. పొద్దుపోయాక మళ్ళీ వెనక్కి తీసుకుంటావు, అందరం తీసుకుంటాం. మర్నాడు మళ్ళీ అప్పగించు.

కార్తీక పౌర్ణమికి మీ అమ్మను తీసుకుని రా. పట్టాదారు పాసుపుస్తకం, మీ నాయన తీసుకున్న క్రాప్ లోన్ కాగితాలు కూడా తెచ్చుకో. ఎంత కట్టాడో, ఎంత ఉందో బ్యాంకుకి పోయి కనుక్కుందాం, నేను కూడా వస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ