బాతుల వేట వీడియో తీయమంటున్నారు, వెళ్లొచ్చా?

ప్రశ్న: మేం అమెరికాలో, ఆర్కాన్సాలోని లిటిల్‌రాక్‌లో ఉంటున్నాం. పక్షుల వీడియోలు తీస్తానని తెలిసి ఆఫీసు మిత్రుడు డిసెంబరులో ఇదే రాష్ట్రంలోని స్టట్‌గార్ట్ వైపు బాతుల వేటకు రమ్మంటున్నాడు. తుపాకీ వాళ్లది, కెమెరా నాది. ‘చంపుతుంటే తీస్తూ కూర్చుంటారా?’ అని మా ఆవిడ గొడవ. కొల్లేట్లో అయితే జైలే కదా, ఇక్కడ ఒప్పెలా అయింది?
— ఓ పాఠకుడు, లిటిల్‌రాక్

జవాబు: కొల్లేట్లో తప్పే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. అమెరికాలో వలస పక్షులకు 1918 నుంచే చట్టం ఉన్నా, సీజను పెట్టి, రోజుకిన్నని లెక్క కట్టి వేటకు ఒప్పుకుంటారు. పదహారేళ్లు నిండిన వేటగాడు 25 డాలర్ల డక్ స్టాంపు, అంటే బాతుల వేటకు ప్రభుత్వం అమ్మే స్టాంపు, కొనాలి. ఆ సొమ్ము దాదాపు అంతా చిత్తడి నేలలకే పోతుంది. గింజలు చల్లి ఆశపెట్టి రప్పించి కాల్చకూడదు, తుపాకీలో మూడు తూటాలకు మించకూడదు. సీసపు గుళ్లు మింగి బాతులు చస్తున్నాయని 1991 నుంచి వాటినీ మాన్పించారు. కనుక మీ మిత్రుడు దొంగేమీ కాదు. మీ ఆవిడ అడిగింది మాత్రం చట్టంతో తేలేది కాదు.

అక్కడి నీటమునిగిన అడవుల్లో నేనూ కెమెరాతో నిలబడ్డాను. వేటగాళ్లు చెట్టుకు ఆనుకుని బాతు కూత వినిపించే పీక ఊదుతూ, ఎరగా నీటి మీద వదిలిన బొమ్మ బాతులు కదిలేలా కాలితో నీళ్లు చిమ్ముతుంటారు. మల్లార్డ్ జాతి బాతులు కొమ్మల సందుల్లోంచి కాళ్లు చాపి దిగుతాయి. అప్పుడు దగ్గర్నుంచి కాలిస్తే పక్షి చాలామటుకు అక్కడికక్కడే పోతుంది. చిక్కల్లా ఎత్తున పోయే గుంపుతోనే. సీసానికి బదులు వాడే స్టీలు గుళ్లకు దూరం వెళ్లేకొద్దీ జోరు తగ్గుతుంది, రెక్క విరిగిన బాతు ఎక్కడో పొదల్లో పడుతుంది. మామూలుగా ఆ గుంపును వదిలేసే మనిషి కూడా కెమెరా తన వైపు తిరగ్గానే తుపాకీ ఎత్తుతాడు. నా కళ్లతో చూశాను. అందుకే మీ మిత్రుడితో ముందే చెప్పండి: దూరపు బాతుకు గురిపెడితే నేను కెమెరా ఆపేస్తాను అని.

గాయపడ్డ బాతును కుక్క వెతికి తెచ్చేదాకా తీయండి, ఎడిటింగులో దాన్ని కోసేయకండి. ఈకలు రాలడాన్ని స్లో మోషన్‌లో పెట్టి పాట తగిలించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి. దాంతో పక్షుల్ని లేపడం, తోలడం నేరం.

ఇంకో సంగతి. పైకి చూసే తెల్లటి ముఖాన్ని బాతులు ఇట్టే పసిగడతాయి. మాస్కు వేసుకోండి, లెన్సు మీద ఎండ పడనివ్వకండి.

మీ ఆవిడను బలవంతపెట్టి తీసుకెళ్లొద్దు. బాతు ఇంటికి తెస్తే కూర మాత్రం మీరే వండండి, అక్కడివాళ్లు రొమ్ము మాంసాన్ని లోపల ఎర్రగా ఉండగానే దించేస్తారు.