వాక్యం చూపిస్తే నా భార్య మాట్లాడడమే మానేసింది

ప్రశ్న: మాకు పెళ్లయి పదకొండేళ్లు. ఇద్దరం విశ్వాసులమే. రెండేళ్లుగా నా భార్య వారంలో నాలుగు సాయంత్రాలు చర్చి సంఘం పనుల్లోనే ఉంటోంది. స్త్రీల కూడిక, ఉపవాస ప్రార్థన, పాటల ప్రాక్టీస్.. ఏదో ఒకటి. అడిగితే ‘నా అసలు పెండ్లికుమారుడు యేసయ్యే’ అంటుంది. భార్య భర్తకు లోబడాలని బైబిల్ వాక్యం తీసి చూపించాను. అప్పటి నుంచి మాటల్లేవు. దేవుడి మీదే అసూయ పడుతున్నానేమోనని సిగ్గుగా ఉంది.

జవాబు: సిగ్గుపడకండి. మీకు కొరవడింది భార్య తోడు. దాన్ని దేవుడి మీద అసూయ అనుకుని రెండేళ్లు నోరు విప్పలేదు. విప్పినప్పుడేమో బైబిల్ పట్టుకుని విప్పారు.

మీరు చూపించింది బైబిల్లోని ఎఫెసీయుల పత్రిక (అంటే లేఖ) అయిదో అధ్యాయమే అనుకుంటున్నాను. అందులో భార్యలకు చెప్పింది 22 నుంచి 24 వరకు, మూడు వచనాలు. 25 నుంచి అధ్యాయం చివరిదాకా ఎక్కువ భాగం భర్తలకే. క్రీస్తు సంఘం కోసం తనను తాను అప్పగించుకున్నట్టు భార్యను ప్రేమించమని. వీటన్నిటికీ ముందు, 21లో, ఒకరికొకరు లోబడి ఉండమని అందరికీ కలిపి ఉంది. పైగా లోబడే మాట నేరుగా భార్యలకే రాశారు. దాన్ని ఆమెకు గుర్తుచేసే పని భర్తకు అప్పగించలేదు.

క్రీస్తు భర్త, సంఘం భార్య అనే అదే పోలికను ఆమె కూడా రెండో కొస నుంచి లాగుతోంది. బైబిల్ చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో గొర్రెపిల్లకు, అంటే క్రీస్తుకు, వధువు ఏ ఒక్క స్త్రీనో కాదు, విశ్వాసులందరూ కలిసి. ఆ లెక్కన ఆ వధువులో మీరూ ఉన్నారు (మగవాళ్లకు ఈ మాట కాస్త ఇబ్బందిగానే ఉంటుంది). అలాగని ఆమె కొత్తగా కనిపెట్టిన భావమూ కాదిది. పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని క్లేర్వో మఠాధిపతి బెర్నార్డ్, బైబిల్లోని ప్రేమగీతాల పుస్తకమైన పరమగీతం మీద 86 ప్రసంగాలు రాశాడు. అందులో ఒక్కో ఆత్మనూ క్రీస్తుకు వధువుగానే చూశాడు. కాకపోతే ఆయన సన్యాసి. సాయంత్రం ఇంట్లో ఎదురుచూసే మనిషి ఆయనకు లేడు.

ప్రార్థన కోసం దాంపత్యానికి దూరంగా ఉండాలన్నా ఇద్దరి సమ్మతితో, కొంతకాలానికే అని కొరింథీయుల మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో దాన్ని రాసిన అపొస్తలుడు పౌలు అన్నాడు. అంటే భక్తి విషయం కూడా భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. దయచేసి దీన్ని కూడా తీసుకెళ్లి ఆమెకు చూపించకండి.

ముందు ఆ రోజు వాక్యంతో కొట్టినట్టు మాట్లాడినందుకు క్షమించమని అడగండి. తర్వాత ‘నువ్వు లేని సాయంత్రాలు నాకేం తోచడం లేదు, వారంలో రెండు మనిద్దరికీ ఉంచుదామా’ అని ఉన్నదున్నట్టు చెప్పండి. ఆమె రెండు కాదు, ఒకటే అంటే ఆ ఒకటితోనే మొదలుపెట్టండి. ఆమెకు తెలియకుండా పాస్టర్ దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. అది ఫిర్యాదు చేసినట్టవుతుంది.

ఇంకొకటి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. అక్కడ ఆమె పాట బాగుందని ఎవరో అంటారు, ఆమె బాధ చెబితే ఎవరో వింటారు. ఇంట్లో అలా విని ఎన్నాళ్లయింది? ఈసారి పాటల ప్రాక్టీస్‌కు మీరూ వస్తానని అడగండి. ఒప్పుకుంటే వెళ్లి వెనక వరసలో కూర్చోండి, సలహాలేమీ ఇవ్వకుండా.