55 లక్షల ఫ్లాట్‌కి 14 వేల అద్దె: మరి ఈఎంఐ ఎవరు కడతారు?

ప్రశ్న: మాది గుంటూరు విద్యానగర్. నాన్నగారి పేరు మీదున్న డాబా ఇంట్లో అందరం కలిసే ఉంటున్నాం, పైన ఖాళీ. నేను విజయవాడలో ప్రైవేట్ జాబ్ చేస్తున్నాను, చేతికి 75 వేలు వస్తుంది, ఎఫ్‌డీల్లో 18 లక్షలు ఉన్నాయి. కానూరులో 55 లక్షలకి డబుల్ బెడ్‌రూమ్ రెడీ ఫ్లాట్ చూశాం. 40 లక్షలు లోన్ పెట్టుకుంటే 14 వేలు అద్దె వస్తుంది, ఈఎంఐ దాంతోనే వెళ్లిపోతుంది అంటున్నాడు బ్రోకర్. పాయకాపురంలో ఇంకోటి 38 లక్షలకే ఉందట. ఈ వారంలోనే టోకెన్ ఇవ్వమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ టోకెన్ ఇవ్వకండి. వారం ఆగితే పోయే ఫ్లాట్ అయితే పోనివ్వండి, కానూరు, పోరంకి వైపు ఫ్లాట్లకి కరువేం లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. 40 లక్షల లోన్, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ దాదాపు 34,700 వస్తుంది. అద్దె 14 వేలు పోను నెలనెలా 20 వేల పైన మీ జీతంలోంచే వెళ్లాలి, అది కూడా అద్దెకున్న వాళ్లు ఖాళీ చేయకుండా ఉన్న నెలల్లో. ఖాళీ అయిన నెలలో అద్దె రాదు, పైగా మెయింటెనెన్స్ మీరే కట్టాలి, కొత్తవాళ్లు వచ్చేముందు సున్నం వేయించాలి, ట్యాప్‌లు మార్చాలి, బ్రోకర్‌కి కమిషన్ ఇవ్వాలి. ఏడాదికి ఒక నెల ఖాళీ, ఇంటి పన్ను, రిపేర్లు అన్నీ తీసేస్తే చేతిలో మిగిలేది 1 లక్షా 35 వేల దగ్గర ఉంటుంది. మొత్తం ఖర్చు 59 లక్షలు దాటుతుంది కాబట్టి అది రెండుంపావు శాతం దగ్గరే ఆగిపోతుంది. బ్యాంకుకి మీరు కట్టేది 8.5.

59 ఎలా అంటారా? మన ఏపీలో స్టాంప్ డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, కలిపి 7.5 శాతం. 55 లక్షల మీద 4 లక్షల 12 వేలు, దీనికి బ్యాంకు లోన్ ఇవ్వదు. మీరు పెట్టాల్సిన 15 లక్షలకి ఇది కలిపితే 19 లక్షలు దాటింది, మీ దగ్గరున్నది 18. అంటే మొదటి రోజే బంగారం తాకట్టు పెట్టాలి, ఎఫ్‌డీలన్నీ ఖాళీ. రేపు అమ్మకో నాన్నకో హాస్పిటల్ ఖర్చు వస్తే ఏం చేస్తారు? నాకు భయం వేసేది ఇక్కడే.

ట్యాక్స్ కలిసొస్తుంది కదా అని కూడా చెప్పే ఉంటారు. పాత విధానంలో అయితే అద్దె కంటే వడ్డీ ఎక్కువై అద్దిల్లు మీద వచ్చిన నష్టాన్ని జీతంలోంచి ఏడాదికి 2 లక్షల దాకా తగ్గించుకోవచ్చు, కొత్త విధానంలో ఆ వీలు లేదు, వడ్డీని అద్దె వరకే చూపించుకోగలరు. మీరు ఏ విధానంలో ఉన్నారో ఆఫీసులో కనుక్కోండి.

పాయకాపురం ఫ్లాట్ 38 లక్షలకే ఎందుకు వస్తోందో ముందు ఆలోచించండి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. మీరు ఫ్లాట్ లోపల టైల్స్ చూసి వచ్చేయకండి, కింద పార్కింగ్‌లోకి వెళ్లి కరెంట్ మీటర్లు ఎంత ఎత్తులో ఉన్నాయో చూడండి, లిఫ్ట్ మోటార్, బోర్ మోటార్ ఎప్పుడు మార్చారో వాచ్‌మన్‌ని అడగండి, ఎదురుగా కిరాణా కొట్టు ఆయన్ని నీళ్లు ఎందాకా వచ్చాయో చెప్పమంటే గోడ మీద చెయ్యిపెట్టి మరీ చూపిస్తారు. మళ్లీ వర్షాకాలం వస్తే అద్దెకున్న వాళ్లు ఉంటారో లేదో మీకే తెలుస్తుంది.

అసలు మీరు మామూలుగా ఒక మాట అనేసి వదిలేశారు, పైన ఖాళీ అని. నేనైతే అక్కడ ఒక పోర్షన్ వేయడంతోనే మొదలుపెడతాను. స్థలం కొనక్కర్లేదు, రిజిస్ట్రేషన్ లేదు, అద్దెకొచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో రోజూ కళ్ల ముందే ఉంటారు. 900 అడుగుల పోర్షన్, అడుగుకి 2 వేలు వేసుకుందాం, 18 లక్షలు. నెలకి 10 వేలు అద్దె వచ్చినా, ఒక నెల ఖాళీ, ఖర్చులు తీసేసి ఏడాదికి 1 లక్ష మిగులుతుంది, ఐదున్నర శాతం. ఫ్లాట్‌కి రెట్టింపు పైనే. 12 లక్షలు మీవి పెట్టి 6 లక్షలు పదేళ్లకి లోన్ తీసుకుంటే ఈఎంఐ 7,500 లోపే, అప్పుడు నిజంగానే అద్దెతో వెళ్లిపోతుంది, ఎఫ్‌డీల్లో 6 లక్షలు అలాగే ఉంటాయి.

కాకపోతే రెండు పనులు తప్పవు. మేస్త్రీ "ఏం కాదండి, లేపేద్దాం" అన్నాడని లేపకండి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని తీసుకొచ్చి పునాది, పిల్లర్లు ఇంకో ఫ్లోర్‌ని మోస్తాయో లేదో చూపించండి, కార్పొరేషన్ ప్లాన్ తీసుకోండి, ప్లాన్ లేకుండా వేస్తే బ్యాంకు లోన్ కూడా ఇవ్వదు. రెండోది, ఇల్లు నాన్నగారిది, డబ్బు మీది. మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ఇటుక పెట్టకముందే అందరూ కూర్చుని మాట్లాడుకోండి, నాన్నగారు వీలునామా రాయకపోతే ఆడపిల్లలకీ సమాన వాటా వస్తుంది, మీరు వేసిన పై పోర్షన్ కూడా పంపకాల్లోకి వస్తుందని గొడవ మొదలవుతుంది. పై పోర్షన్ మీకు గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేస్తారో (అంటే ఇప్పుడే మీ పేరున రాసిస్తారో), వీలునామా రాస్తారో ఆయన ఇష్టం, కానీ కాగితం మీద ఉండాలి. అద్దె ఎవరి ఆదాయంగా చూపించాలో కూడా అప్పుడే ఆడిటర్‌ని అడిగేయండి.

ఒకవేళ ఇంజినీర్ కుదరదంటే, ఇంకో రెండేళ్లు నెలకి 20 వేలు ఆర్‌డీలో (నెలనెలా కట్టే బ్యాంకు డిపాజిట్) వేయండి, ఎలాగూ ఈఎంఐకి అంత పెట్టడానికి సిద్ధపడ్డారు కదా. అప్పటికి మీ చేతిలో 23 లక్షలు ఉంటాయి, ఫ్లాట్ చూసేటప్పుడు 30 ఏళ్ల ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్ల రికార్డు), లింక్ డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), మీ పేరున వచ్చే స్థలం వాటా ఎన్ని గజాలో రాయించుకుని లాయర్ దగ్గరికి తీసుకెళ్లండి, టోకెన్ ఆ తర్వాతే.