ఒకే పేరుతో ఇద్దరు వెంకట్రామయ్యలు: విడదీయడం ఇలా

1912 క్రయ దస్తావేజులోనూ 1961 దానపత్రంలోనూ వెంకట్రామయ్య పేరే ఉందని, ఒక్కరే అనుకుంటే వయసు నూరు దాటుతోందని అడిగారు. వాళ్లు తాతా మనవళ్లు అయి ఉంటారండీ. తాత పేరు మనవడికి పెట్టుకుంటాం కదా, వంశవృక్షాల్లో మధ్య తరం మాయమయ్యేది సరిగ్గా ఇక్కడే.

ముందు రెండిట్లోనూ తండ్రి పేరు చూడండి. అవి వేరైతే సగం పని అయినట్టే. సంతకాలు పోలుద్దామంటే కుదరదు, రిజిస్ట్రేషన్ ఆఫీసు పాత పుస్తకాల్లోవి చేత్తో ఎత్తిరాసినవి. హద్దులు పోల్చండి.

ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) సాధారణంగా 1983కు వెనక్కి పోదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సూచికలు వెతకడానికి దరఖాస్తు పెట్టండి. ఒకటో సూచికలో మనుషుల పేర్లు, రెండో దాంట్లో ఆస్తి వివరాలు ఉంటాయి. సర్వే నంబరు తెలుసు కాబట్టి రెండోదే ముందు. పేరు రకరకాలుగా రాస్తారు, చేను కదలదు. ఊరు ఇప్పుడు వేరే ఆఫీసు కిందికి వచ్చి ఉంటే పాత పుస్తకాలు ఎక్కడున్నాయో ముందే కనుక్కోండి.

అసలు కిటుకు పక్క పొలాల దస్తావేజుల్లో ఉంది. 1920 నుంచి 1950 మధ్యవి తీయించి హద్దులు చదవండి. ‘తూర్పు: వెంకట్రామయ్య కొడుకు లక్ష్మయ్య చేను’ లాంటి ఒక్క వరుస దొరికితే ఆ లక్ష్మయ్యే మీకు కావలసిన మధ్య తరం మనిషి.

ఇంటిపేరు కూడా మారి ఉంటే దత్తత జరిగిందేమో చూడాలి. ఆ ఆఫీసు మూడో పుస్తకంలో వీలునామాలు, దత్తతకిచ్చిన అధికార పత్రాలు ఉంటాయి. రాసినవారు గతించాక ఆ నకలు ఎవరైనా అడగవచ్చని 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. దరఖాస్తులో ఆ సెక్షన్ రాయండి.