ఆ గదిలో ఉన్నది ఇద్దరే

తమ్ముడూ,

తందూర్ కేసు మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం నీకు బాగానే పలుకుతుంది, ఆ బెంగ అక్కర్లేదు. నా పేచీ వేరే. 1995 జులై 2 రాత్రి ఢిల్లీ అశోక్ యాత్రీ నివాస్‌లోని బగియా రెస్టారెంటులో, నైనా సాహ్నీ శవాన్ని తందూర్ పొయ్యిలో కాలుస్తుంటే లేచిన మంటల మీద పేజీలకు పేజీలు రాశావు. ఆమె, భర్త సుశీల్ శర్మల కాపురానికి మాత్రం ఒకే వాక్యం: 'అనుమానంతో భార్యను కడతేర్చాడు.'

మంటల గురించి ఎవరైనా రాస్తారు, చూసినవాళ్ళు ఉన్నారు కాబట్టి. కూరగాయలమ్మే ఆవిడ కేకలేసింది, గస్తీ తిరుగుతున్న కానిస్టేబుల్ అబ్దుల్ నజీర్ కుంజు గోడెక్కి లోపలికి దూకాడు, పాత పార్టీ బ్యానర్లు తగలబెడుతున్నామని మేనేజర్ బుకాయించాడు. కానీ హత్య జరిగింది అక్కడ కాదు, గోల్ మార్కెట్ దగ్గర వాళ్ళుండే ఫ్లాట్‌లో. ఉన్నది ఇద్దరే. ఒకరు చనిపోయారు, రెండోవాడు నిందితుడు. అలాంటి చోట నువ్వు డైలాగులు రాసేశావు! ఎవరు విన్నారయ్యా వాటిని?

'ముక్కలు ముక్కలుగా నరికి' అని కూడా రాశావు. దేశమంతా అలాగే చెప్పుకుంటుంది. 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు తెరిచి చూడు. శవాన్ని నరికినట్టు వైద్యసాక్ష్యంతో రుజువు కాలేదని అందులో ఉంది. అలాగే పోస్ట్‌మార్టం సంగతి. మొదటిసారి చేసినప్పుడు బుల్లెట్ల ఊసే లేదు. రెండోసారి డాక్టర్ల బోర్డు ఎక్స్‌రే తీయిస్తే తలలో ఒకటి, మెడలో ఒకటి బయటపడ్డాయి. మొదటి రిపోర్టు పట్టుకుని రాసినవాడు ఆమె ఎలా పోయిందో కూడా తప్పుగానే రాసి ఉంటాడు. ఆ శవం నైనాదేనని తల్లిదండ్రుల రక్తంతో పోల్చి డీఎన్ఏ పరీక్షలో తేల్చింది మన హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ. అది వదిలేసి, మంటకి వాడిన వెన్న మీద పేరా ఖర్చు పెట్టావు.

ఇక కాపురం. పెళ్ళయిందని నలుగురికీ చెప్పమని ఆమె అడుగుతోంది, యూత్ కాంగ్రెస్ నాయకుడైన అతను బయటపెట్టడం లేదు. ఆస్ట్రేలియా వెళ్ళిపోవాలని పాత స్నేహితుడి సాయం అడిగింది. ఆ స్నేహితుడు కోర్టుకొచ్చి చెప్పాడు కూడా. నీ కథ ఉన్నది ఇక్కడ. వెళ్ళిపోవాలనుకుంటున్న మనిషి, వెళ్ళనివ్వని మనిషి. నువ్వేమో 'అనుమానం' అని ఒక్క మాటతో తేల్చేసి, ఆమెకి నిజంగానే ఏదో ఉందన్నట్టు వదిలేశావు. దానికి జవాబు చెప్పుకోవడానికి ఆమె లేదు.

మన జిల్లా పేజీల్లో 'వివాహేతర సంబంధం' రోజూ అచ్చవుతూనే ఉంటుంది. చాలాసార్లు అది పోలీసుల ప్రెస్‌మీట్‌లో విన్నది విన్నట్టు దించిన మాటే. పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పేపర్లో మాత్రం అదే హెడ్డింగు. నువ్వు ఆ దారి పట్టకు. 'కిరాతకంగా' అన్న మాట కూడా కొట్టేయ్, రెండు బుల్లెట్లు చాలు.

సుశీల్‌కి పడిన ఉరిని యావజ్జీవంగా మారుస్తూ సుప్రీంకోర్టు, ఇది దెబ్బతిన్న వ్యక్తిగత సంబంధం వల్ల జరిగిన హత్య, సమాజం మీద నేరం కాదంది. నేను ఉరికి అనుకూలం కాదు, అయినా ఆ వాక్యం నాకు మింగుడు పడదు. అతను పెళ్ళిని దాచింది ఎవరి దగ్గర? సమాజం దగ్గరే కదా. నువ్వు నాతో ఏకీభవించక్కర్లేదు గానీ, ఆ వాక్యం ముందు ఒక్క నిమిషం ఆగకుండా ఈ కేసు రాయలేవు. ఆమె కుటుంబం వాళ్ళెవరూ అతని మీద సాక్ష్యం చెప్పడానికి రాలేదని కూడా తీర్పులో ఉంది. ఎందుకు రాలేదో ఊహించి రాయకు. రాలేదని రాసి ఊరుకో.

ఇంకొకటి. నైనాకి పైలట్ లైసెన్సు ఉంది. నీ వ్యాసంలో ఆ మాటే లేదు. 2018లో అతను విడుదలైన సంగతికి మాత్రం ఒక పేరా ఇచ్చావు. తీర్పు కాపీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, డబ్బులు కట్టక్కర్లేదు. అది పూర్తిగా చదివి, డైలాగులు తీసేసి, పెళ్ళి దగ్గర్నుంచి మొదలుపెట్టి మళ్ళీ రాయి. దసరాలోపు పంపితే ఎడిటర్‌తో నేను మాట్లాడతాను.

మీ అన్నయ్య