రెండో షాపు సరే, మొదటిది నెల రోజులు మూతపడితే?

ప్రశ్న: కూకట్‌పల్లి కేపీహెచ్‌బీలో హాస్టళ్ల మధ్య నేనూ మా ఆవిడా నాలుగేళ్లుగా కర్రీ పాయింట్ నడుపుతున్నాం. రోజుకు సగటున 9,000 అమ్మకం. నెలకు సరుకు 1,20,000, ప్యాకింగ్ 6,000, గ్యాస్ 15,000, కరెంటు 5,000, అద్దె 22,000, వంట మాస్టర్‌కు 28,000, ఇద్దరు హెల్పర్లకు 28,000 పోను 46,000 మిగులుతోంది. రాత్రికి ఐదు కిలోల దాకా కూర మిగిలిపోతుంది. ఇంటి ఖర్చు 31,000. 20 నెలల 5 లక్షల చిట్టీలో ఎనిమిది నెలలు కట్టాను, డివిడెండ్ పోను నెలకు 22,000 పడుతోంది. బ్యాంకులో 2.80 లక్షలున్నాయి. కిరాణా హోల్‌సేల్‌లో, చికెన్ షాపులో కలిపి 65,000 ఖాతా బాకీ. మియాపూర్‌లో రెండో షాపు చూశాను. అడ్వాన్స్, సామానుతో 7.50 లక్షలవుతుంది. బ్యాంకులోది తీసి, చిట్టీని లక్ష తగ్గించి పాడుకుంటే ఇంకా 70 వేలే తక్కువ. దానికి డైలీ ఫైనాన్స్‌లో లక్ష తీసుకోనా, మా ఆవిడ బంగారం ఎనిమిది తులాలు పెట్టి గోల్డ్ లోన్ తీసుకోనా? మొన్న సంక్రాంతికి హాస్టళ్లు ఖాళీ అయినప్పుడు 50,000 డైలీ ఫైనాన్స్ తీసుకుని వంద రోజుల్లో కట్టేశాను. ఇబ్బంది కాలేదు.

జవాబు: డైలీ ఫైనాన్స్ వద్దు. గోల్డ్ లోన్ కూడా ఇప్పుడు వద్దు. మియాపూర్ షాపు ఈ ఏడాది వద్దు. షాపు పెట్టకూడదని కాదు. నాలుగేళ్లు నిలబెట్టిన చేతికి రెండోది కూడా వస్తుంది. కానీ మీరు వేసుకున్న లెక్కలో ఒక అంకె లేదు. చిన్న వ్యాపారం చేసేవాళ్లలో చాలామంది దాన్నే వదిలేస్తారు, అందుకే మీ ఉత్తరానికి వివరంగా రాస్తున్నాను. షాపు ఒక నెల మూతపడితే ఎంత కావాలి? ఆ అంకె.

ముందు మీ లెక్కే మళ్లీ చూద్దాం. మిగిలేది 46,000. ఇంటికి 31,000, చిట్టీకి 22,000 కలిపితే 53,000. అంటే ప్రతి నెలా 7,000 తక్కువ పడుతోంది. మరి చిట్టీ ఒక్క నెల కూడా ఆగకుండా ఎలా కడుతున్నారు? కిరాణా, చికెన్ షాపుల ఖాతాల మీద. చిట్టీ మొదలై ఎనిమిది నెలలు, నెలకు 7,000 చొప్పున 56,000. మీ ఖాతా బాకీ 65,000. మీ చిట్టీలో కొంత భాగం ఆ షాపులవాళ్లు కడుతున్నారన్నమాట. గల్లాలో రోజూ డబ్బు ఆడుతుంటుంది కాబట్టి ఇది పైకి కనిపించదు. బ్యాంకులోని 2.80 లక్షల్లో మీది 2.15 లక్షలే.

ఇప్పుడు షాపు మూతపడిందనుకోండి. రోడ్డు తవ్వారు, మీకు డెంగీ వచ్చి మంచం పట్టారు, చేతిమీద నూనె పడింది, ఏదైనా కావచ్చు. అద్దె 22,000 ఆగదు. జీతాలు 56,000 ఆపలేరు. ఆపితే మాస్టర్ పక్క సందులో పనికి కుదురుతాడు, మీ గిరాకీ అతని చేతి రుచికి అలవాటు పడింది. కరెంటు, చిల్లర ఖర్చులకు 2,000. ఇల్లు 31,000, చిట్టీ 22,000. మొత్తం 1,33,000. ఈ లెక్కన మీ 2.15 లక్షలు 48 రోజులు వస్తాయి. మియాపూర్‌లో పెట్టేస్తే ఒక్క రోజుకు కూడా రావు. పైగా అక్కడి అద్దె, అక్కడి జీతాలు కొత్తగా వచ్చి చేరతాయి.

సంక్రాంతికి వారం రోజులు హాస్టళ్లు ఖాళీ అవుతాయని మీకు ఏడాది ముందే తెలుసు. తేదీతో సహా తెలిసిన వారానికే అప్పు చేయాల్సి వచ్చింది. చెప్పకుండా వచ్చే నెలకు ఏం చేస్తారు?

ఇబ్బంది కాలేదన్న ఆ డైలీ ఫైనాన్స్ లెక్క కూడా చూడండి. లక్ష రాసుకుని పది వేలు ముందే పట్టుకుని 90,000 చేతికిస్తారు. రోజుకు వెయ్యి, వంద రోజులు. నూటికి పదే కదా అనిపిస్తుంది. కానీ మొదటి రోజు నుంచే అసలు తిరిగి కడుతున్నారు. సగటున మీ దగ్గరుండేది 45,000 చిల్లర మాత్రమే, అదీ మూడు నెలల పైచిలుకు. సరిగ్గా లెక్క కడితే ఏడాదికి 78 శాతం, మన భాషలో ఆరున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా ఆరున్నర రూపాయలకు ఇస్తానంటే గుమ్మం ఎక్కనిస్తారా? మీ అమ్మకంలో ప్రతి వందకూ సరుకు, కవర్లు, గ్యాస్‌కే 52 పోతుంది. మిగిలే 48తో రోజుకు వెయ్యి కట్టాలంటే దాదాపు 2,100 అదనంగా అమ్మాలి. అంటే 40 రూపాయల కూర ప్యాకెట్లు రోజుకు 52, కేవలం ఆ కలెక్షన్ కుర్రాడి కోసం. కొత్త షాపు మొదటి నెలలో ఆ 52 ఎక్కడి నుంచి వస్తాయి? పాత షాపు గల్లాలోంచి. సరుకు డబ్బు తగ్గుతుంది, ఖాతా పెరుగుతుంది, దాన్ని తీర్చడానికి ఇంకో డైలీ ఫైనాన్స్ ఎత్తుతారు. బాగా నడిచే షాపులు మూతపడేది ఇలాగే. ఈ విషయంలో నాకు ఓపిక లేదు. ఈ అప్పు జోలికి మళ్లీ పోకండి.

చేయాల్సింది ఇది. ఈ వారమే 65,000 బాకీ తీర్చేయండి. మిగిలిన 2.15 లక్షలను క్యూఆర్ కోడ్‌కు లింకు లేని వేరే బ్యాంకు ఖాతాలో వేయండి. దాని ఏటీఎం కార్డు ఇంట్లో ఉండాలి, షాపులో కాదు. ఫోన్‌లో యూపీఐ పెట్టకండి. ఈ ఖాతా లక్ష్యం మూడు నెలల మూత ఖర్చు, అంటే 4 లక్షలు. సరుకు రేటు తగ్గిందని, ఫ్రిజ్ మార్చాలని దీన్ని ముట్టుకోకూడదు.

నెలనెలా తక్కువ పడే 7,000 సంగతి. మీరు మిగులుతుందన్న ఐదు కిలోల్లోనే అది ఉంది. వారం పాటు రాత్రి గిన్నెలు కడగక ముందు ఏ కూర ఎంత మిగిలిందో తూకం వేసి, అది ఏ రోజో కూడా రాయండి. కిలోకు సరుకు ఖర్చు 90 అనుకుంటే రోజుకు 450, నెలకు 13,500. అందులో సగం ఆపినా 6,750. సాధారణంగా మిగిలేది రోజూ ఒకటి రెండు కూరలే. సాయంత్రం ఏడుకు అమ్మకం చూసి రెండో విడత వండాలా వద్దా నిర్ణయించుకుంటే సగం తగ్గుతుంది. శని, ఆదివారాలకు హాస్టల్ పిల్లలు ఊళ్లకు వెళ్తే పరిమాణం వేరుగా పెట్టుకోవాలి. అన్నట్టు, మీ ఇద్దరికీ కలిపి 31,000 జీతం ఒకటో తారీఖున ఇంటి ఖాతాకు వేసేసి, ఆ తర్వాత ఇంటి కోసం గల్లాలో చెయ్యి పెట్టకండి.

చిట్టీని లక్ష తగ్గించి ఇప్పుడు పాడకండి. రిజిస్టర్డ్ చిట్టీయే కదా, రసీదులు ఒకసారి చూసుకోండి. చివరి నెలల్లో ఎత్తితే కమిషన్ పోను 4.65 నుంచి 4.75 లక్షలు వస్తాయి. అందులో 1.85 లక్షలతో ముందు ఆ ఖాతాను 4 లక్షలకు నింపండి. మిగిలే 2.85 లక్షలు మియాపూర్‌కు. తక్కువ పడే 4.65 లక్షలు చిన్న వ్యాపారాలకిచ్చే ప్రభుత్వ ముద్రా పథకంలో ‘కిశోర్’ లోన్ కింద బ్యాంకులో అడగొచ్చు, దాని పరిమితి 5 లక్షలు. వడ్డీ 12 శాతం అనుకున్నా మూడేళ్లకు ఈఎంఐ 15,500 దగ్గరే, అప్పటికి చిట్టీ కట్టే 22,000 మీ చేతిలోనే ఉంటాయి. ఆ లోన్ రావాలంటే ఇప్పటి నుంచే కాగితాలు కావాలి: ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు; ఉచితం, ఎవరికీ డబ్బులివ్వకండి), ఐటీ రిటర్నులు, కరెంట్ ఖాతా స్టేట్‌మెంట్. మీ అమ్మకం ఏడాదికి 32 లక్షలు దాటుతోంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలే కాబట్టి వెంటనే ఆడిటర్‌ను కలవండి.

బంగారం గురించి ఒక్క మాట. అది చివరి తలుపు. నిజంగా ఆపద వచ్చి ఆ 4 లక్షలూ అయిపోతే, బ్యాంకులోనే పెట్టండి.

ఇన్సూరెన్స్ ఊసే మీ ఉత్తరంలో లేదు. పొయ్యి మీద బతికే షాపుకు అగ్ని ప్రమాద పాలసీ లేకపోవడం పెద్ద తప్పు. 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న షాపులకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే ప్రామాణిక పాలసీ ఉంది. అగ్ని, పేలుడు, వరద దాని కిందికి వస్తాయి. 19 కిలోల కమర్షియల్ సిలిండర్లే వాడండి, ఇంటి సిలిండర్ దొరికితే క్లెయిమ్ దగ్గర చిక్కొస్తుంది. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా మీ ఇద్దరికీ రేపే తీసుకోండి. ఒక్కొక్కటి 2 లక్షలే, చాలదు. మీ పేరున టర్మ్ పాలసీ, కుటుంబానికి హెల్త్ పాలసీ ఈ మూడు నెలల్లో కావాలి.

మియాపూర్ ఓనర్‌కు టోకెన్ ఇచ్చినట్టు రాయలేదు, ఇవ్వకుంటే ఇవ్వకండి. రేపు పొద్దున సరుకుకు వెళ్లినప్పుడు చికెన్ షాపు బాకీ కట్టేసి, ఖాతా పుస్తకంలో మీ పేరు కింద గీత కొట్టించుకుని రండి.